అంచు కుట్టని నీళ్ళు

చిన్నమ్మాయికి అరవై ఆరేళ్ళు. పెద్దమ్మాయికి డెబ్భై రెండు. కుట్టుకొట్టు తెరిచిన కొత్తలో ఆ అక్కచెల్లెళ్ళకి ఎవరో పెట్టిన పేర్లవి. జుట్టు నెరిసినా, మోకాళ్ళు అరిగినా, ఆఖరికి కొట్టే మూతపడినా ఆ పేర్లకి మాత్రం వయసు రాలేదు. ఆ ఉదయం కంటాసుపత్రి మేడ మీద వరండాలో, గోడవారగా వేసిన ఇనప బెంచీ మీద చిన్నమ్మాయి ఒళ్ళో అట్ట పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా మూసిన తలుపు. తలుపు వెనక మంచం మీద పెద్దమ్మాయి, కంటికి కట్టుతో. "పదింటికి డాక్టరుగారొచ్చి కట్టు విప్పుతారండీ, అప్పుడు పిలుస్తాను" అని నర్సు చెప్పి వెళ్ళింది. గోడ గడియారంలో తొమ్మిది కావడానికి రెండు నిమిషాలు. అంటే గంట. గంటలో మనిషి ఏం చేయగలదు? రెండు జేబులు కుట్టగలదు. ఒక చొక్కాకి అరిగిన కాలరు విప్పి తిరగేసి కుట్టగలదు. కూర్చుని ఏడవాలంటే గంట మరీ ఎక్కువ. సంచిలో రంగుల పెట్టె ఉంటే ఒక సముద్రం వేయగలదు, ఆరడానికి టైము చాలితే.

అక్కకి ఉన్నది ఒక్క కన్నే, అదీ సంగతి. ఎడమది పోయి ముప్ఫై ఒక్క ఏళ్ళయింది. కుడిది నాలుగేళ్ళుగా మసకబారి మసకబారి, కిటికీ ఎటుందో తెలిసేంత వెలుగు మాత్రం మిగిల్చింది. ఆ వెలుగు కూడా పోతే ఎలాగని ఏ డాక్టరూ చెయ్యి వెయ్యలేదు. ఈయనే ఒప్పుకున్నాడు, అదీ నసుగుతూ. "రెండోది ఉంటే ధైర్యంగా చేద్దునమ్మా. ఒక్క కన్ను కదా, నేను మాటివ్వలేను" అన్నాడు. "మాటెందుకయ్యా, కుట్లు సరిగ్గా వెయ్యి చాలు" అంది అక్క. "ఇప్పుడు కుట్లు ఉండవమ్మా దీనికి" అని ఆయన నవ్వాడు. "కుట్లు లేకుండా ఎలా నిలుస్తుందయ్యా" అని అక్క నిజంగానే ఆందోళన పడింది. ఆ గదిలో చిన్నమ్మాయి కూడా నవ్వింది గానీ, నవ్వు పైపైనే. పదింటికి ఆ కట్టు కింద వెలుగుంటుందా, చీకటుంటుందా? నిన్న సాయంత్రం నుంచి బుర్రలో ఒకటే మాట తిరుగుతోంది, మిషను చక్రంలాగా, ఆపినా ఇంకో రెండు చుట్లు తిరిగి ఆగేలాగా.

అట్టకి క్లిప్పులతో బిగించిన కాగితం. మాత్రల సీసాలో నీళ్ళు. బ్రష్షులు రెండు, లావుదొకటి, సన్నదొకటి. ముందు కాగితమంతా ఉత్త నీళ్ళతో తడపాలి. ఇస్త్రీకి ముందు బట్ట మీద నీళ్ళు చిలకరించిన చెయ్యి కాబట్టి ఆ పని ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. తర్వాత లేత నీలం, పైనుంచి కిందికి, అడ్డంగా, చెయ్యి ఆపకుండా. బ్రష్షు నీలంలో ముంచి, కొస చెదిరి ఉంటే అలవాటు కొద్దీ నోట్లో పెట్టుకుని పెదాల మధ్య నొక్కి మొన చేసింది. నీలం కాస్త తియ్యగా ఉంటుంది. ఇసుక రంగు వగరు. లైబ్రరీ మేడ మీద పెద్దవాళ్ళకి బొమ్మలు నేర్పే డ్రాయింగు టీచరు మొదటి రోజే అది చూసి అదిరిపడింది. "అయ్యో, రంగు నోట్లో పెట్టుకోకూడదమ్మా, గుడ్డకి అద్దండి" అంది, కూతురి వయసు పిల్ల. చిన్నమ్మాయి సరేనంది. చెవి విన్నది గానీ చెయ్యి వినలేదు. యాభై ఏళ్ళుగా దారం కొస నోట తడిపి సూదిలోకి ఎక్కించిన చెయ్యి అది, కొత్తగా వచ్చిన టీచరు మాట ఎందుకు వింటుంది.

అసలు ఆ క్లాసుకి పొమ్మన్నది అక్కే. కొట్టు మూశాక, అక్క కన్ను మసకబారాక, చిన్నమ్మాయి రోజంతా ఎదురుగా కూర్చుని అక్క మొహమే చూస్తుండేది. "నా మొహం మీద ఏం సినిమా ఆడుతోందే, అలా చూస్తున్నావు? కనపడకపోయినా తెలుస్తుంది నాకు. పో, ఎక్కడికైనా పో, కాస్త మనుషుల్లో పడు" అంది అక్క. "ఈ వయసులో బొమ్మలేంటక్కా, మొక్కై వంగనిది మానై వంగుతుందా" అంటే, "నిన్ను వంగమన్నదెవరు, కూర్చుని వెయ్యి" అంది. వెళ్ళింది. టీచరు సముద్రంతో మొదలుపెట్టించింది. పైన ఆకాశం, మధ్యలో నీళ్ళు, కింద ఇసుక, మూడు పట్టీలు, అంతే, అంతకంటే తేలిక బొమ్మ లేదంది. పట్టీలంటే చిన్నమ్మాయికి భయం లేదు, బతుకంతా పట్టీలే కత్తిరించింది. నురగ దగ్గరే చిక్కొచ్చింది. "తెలుపు ఎక్కడుందమ్మా, పెట్టెలో కనపడలేదు" అని అడిగితే, "తెలుపు వెయ్యరండీ, వదిలేస్తారు. నురగ ఎక్కడ కావాలో అక్కడ కాగితం ముట్టుకోకూడదు" అంది టీచరు. వదలడం కూడా పనేనని పదహారో ఏట అక్క చెప్పింది ఆమెకి. పిల్లల గౌనుకి లోపల రెండంగుళాల బట్ట వదలవే, పైకి కనపడదు, వచ్చే ఏడు పిల్ల పొడుగైనప్పుడు వాళ్ళమ్మ మడత విప్పుకుని నిన్ను తలుచుకుంటుంది అని. ఎంతమంది తల్లులు తలుచుకున్నారో ఏమో. ఆ రోజు లైబ్రరీలో మాత్రం చిన్నమ్మాయి అక్కని తలుచుకుంది.

"బాగా వేస్తున్నారండీ" అన్నాడు బెంచీ రెండో చివర కూర్చున్న పెద్దాయన. వాచీలు రిపేరు చేస్తాడట, భార్యకి ఆపరేషను జరుగుతోందట లోపల. బొమ్మ బాగుందంటూనే ఆయన చూపు బొమ్మ మీద నిలవలేదు, పైకి వచ్చి చిన్నమ్మాయి మొహం మీద ఆగి, మర్యాదగా మళ్ళీ కిందికి దిగింది. "నేర్చుకుంటున్నానండీ, ఆర్నెల్లే అయింది" అంది. "మంచినీళ్ళు ఏమైనా తాగుతారా?" అన్నాడాయన ఉన్నట్టుండి, సీసా మూత తీసి ఇస్తూ. ఎంత మంచివాడో, తన భార్య లోపల ఉంటే పక్కవాళ్ళ దాహం కూడా కనిపెడుతున్నాడు. వద్దండీ అంది. ఆయన సీసా మూత పెట్టకుండా చేతిలోనే ఉంచుకున్నాడు, అవసరం పడుతుందేమో అన్నట్టు.

ఆకాశం ఆరడానికి పావుగంట. సగం బొమ్మ ఆరడమే అంటుంది టీచరు. తడి మీద తడి పెడితే నీలం నీలంలోకి కారిపోయి ఆకాశమూ నీళ్ళూ ఏకమైపోతాయి. మొదట్లో చిన్నమ్మాయికి ఆగడం చేతకాక నాలుగు సముద్రాలు కారిపోయాయి. బడులు తెరిచే ముందు వారం డెబ్భై జతల యూనిఫాం కుట్టిన మనిషికి ఆరేదాకా ఊరికే చూస్తూ కూర్చోమంటే ఎలా కుదురుతుంది. ఇప్పుడు కుదురుతోంది. ఆరినదో లేదో వేలితో ముట్టుకోకూడదు, చేతి వెనకభాగం దగ్గరగా పెడితే చల్లదనం తెలుస్తుంది. అది కూడా అక్క చెప్పిందే. అక్కకి బొమ్మ కనపడదు కదా, సాయంత్రం ఇంటికి తెస్తే కాగితాన్ని చేతులతో తడిమేది. "ఇక్కడ ఉబ్బిందే" అనేది. "తిరగేసి, మీద పల్చటి గుడ్డ వేసి, గోరువెచ్చని ఇస్త్రీ పెట్టు" అనేది. పెడితే కాగితం కొత్త చొక్కా వీపులాగా సాపు అయ్యేది. అలా పన్నెండు సముద్రాలు పరుపు కింద చేరాయి. "అన్నీ దాచు. కన్నొచ్చాక చూసి తప్పులు చెప్తా. తప్పు లేకుండా ఏ పనీ చేసిందానివి కాదు నువ్వు" అంది అక్క. కన్నొచ్చాక అంది. రాకపోతే అన్న మాట ఆ ఇంట్లో ఇద్దరూ నోటెంట రానివ్వలేదు. అందుకే ఈ పదమూడోది. కట్టు విప్పగానే అక్క చూసే మొదటి బొమ్మ ఇది కావాలి, ఇదొక్కటైనా తప్పు లేకుండా ఉండాలి.

ఇసుక దగ్గర నీళ్ళు ఎక్కడ ఆగాలో సన్నగా గీత పెట్టుకోవాలి. పెన్సిలు కోసం సంచి అడుగుదాకా వెతికింది. కళ్ళజోడు, ఆసుపత్రి చీటీలు, అక్క దువ్వెన, టేపు. టేపెందుకు తెచ్చిందో ఆమెకే తెలియదు, అది లేకుండా గడప దాటదు. పెన్సిలు లేదు. టేపు చుట్టలో ఇరుక్కుని అరిగిపోయిన చాక్‌ముక్క ఉంది, బట్ట మీద కొలత పెట్టేది, మైనంతో చేసిన రకం, చివర పళ్ళతో నొక్కిన గుర్తులతో సహా. గీత గీతే కదా అనుకుంది. బట్ట మీద గీసినట్టే, టకటకా, ఆగి ఆగి, ఒక చివరనుంచి రెండో చివరకి గీసేసింది. గరుకు కాగితం మీద అది సరిగ్గా కనపడను కూడా కనపడలేదు.

ముప్ఫై ఆరేళ్ళ కిందట నిజం సముద్రం చూసింది, ఒక్కసారే, అక్కతోనే. రేవు దగ్గర పనిచేసేవాళ్ళకి నలభై ఏప్రాన్లు కుట్టి ఇవ్వడానికి బస్సులో ఆ ఊరెళ్ళారు. మూటలు దింపి, సంతకం పెట్టించుకుని బయటికొచ్చేసరికి తిరుగు బస్సుకి అరగంట ఉంది. వీధి చివర ఆకాశం మరీ కిందికి దిగినట్టుంటే అటు నడిచారు. అక్క ఇసుకలో చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, రెండు కళ్ళూ పెద్దవి చేసి (అప్పటికి రెండూ ఉన్నాయి) చాలాసేపు మాట్లాడకుండా నిలబడింది. అక్క మాట్లాడకుండా ఉండడం చిన్నమ్మాయి అంతకుముందు చూడలేదు. తర్వాత అంది, "ఇంత తాను నేశారు గానీ అంచు మడిచి కుట్టలేదు చూడవే. పోగులు ఊడొచ్చేస్తున్నాయి." నురగని చూపిస్తూ. ఇద్దరూ ఒకళ్ళ భుజం ఒకళ్ళు పట్టుకుని నవ్వారు, అక్కడ తిరిగేవాళ్ళు పిచ్చివాళ్ళనుకునేలా. బస్సు తప్పిపోయింది. తర్వాతి బస్సులో నిలబడి వచ్చారు. అంత హాయిగా నిలబడ్డ ప్రయాణం ఇంకోటి లేదు.

సముద్రానికి ముదురు నీలం కలిపి అడ్డంగా లాగడం మొదలుపెట్టింది. బ్రష్షు, నీళ్ళు, నోరు, కాగితం. నీలం చిక్కబడుతూ కిందికి వస్తుంటే మనసు ఎటు పోకూడదో అటే పోయింది. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట, బడులు తెరిచే ముందు వారం అది. చిన్నమ్మాయి మిషను మీద, అక్క పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని తెగిన దారాలు కత్తిరిస్తోంది. ముతక గుడ్డ పాంట్లు, నాలుగు మడతల దగ్గర మిషను మూలుగుతోంది. "సూది మార్చవే, దానికి పద్దెనిమిదో నంబరు కావాలి" అంది అక్క. "ఇదొక్కటీ అయ్యాక" అంది చిన్నమ్మాయి. మూడుసార్లు చెప్పింది అక్క, మూడుసార్లూ అదే జవాబు. పదకొండో నంబరు సన్నసూది నాలుగు మడతల మీద ఠప్‌మని విరిగింది. అంతే, చిన్న చప్పుడు. అక్క చెయ్యి మొహం మీదికి పోయింది. తర్వాత ఆసుపత్రులు, చుక్కల మందులు, ఆ కన్ను ఇక లేదన్న మాట. ఇంటికొచ్చాక చిన్నమ్మాయి అన్నం ముట్టకుండా గోడకి తిరిగి పడుకుంటే అక్క వచ్చి పక్కన కూర్చుంది. "విరిగింది సూది. నువ్వు విరగకు. నువ్వు కూడా విరిగితే నాకు ఇంకెవరున్నారే" అంది. అంతే, మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఎవరైనా అడిగితే చిన్నప్పటి నుంచీ ఆ కన్ను మసకేనని చెప్పేది. ముప్ఫై ఒక్క ఏళ్ళు, చెల్లెలి మీద కోపం వచ్చిన రోజున కూడా, పోట్లాడుకుని మాటలు మానేసిన రోజున కూడా, ఆ ఒక్క మాట విసరలేదు. చేతిలో రాయి ఉండి విసరని మనిషి ఎంతమందికి దొరుకుతుంది?

నెల తిరక్కుండా అక్క మళ్ళీ కాజాలు కుట్టడానికి కూర్చుంది. కుట్టడం కుట్టేది, ఒంటికన్నుతో సూదిలోకి దారం మాత్రం ఎక్కేది కాదు, సూది ఎంత దూరంలో ఉందో అంచనా అందేది కాదు. మొదటి రోజు ఆ చెయ్యి గాలిలో సూది బెజ్జం వెతుక్కోవడం చూసి చిన్నమ్మాయి మర్నాడు పొద్దున్నే లేచింది. ఇరవై సూదులు, ఇరవై దారాలు, కొస నోట తడిపి ఎక్కించి, మెత్త మీద వరసగా గుచ్చి అక్క కూర్చునే చోట పెట్టింది. అక్క చూసింది, మొదటి సూది తీసుకుంది. కొట్టు మూసేదాకా ఏ పొద్దూ తప్పలేదు ఆ పని. క్షమించమని చిన్నమ్మాయి నోటితో ఎప్పుడూ అడగలేదు. రోజుకి ఇరవై సార్లు అడిగినట్టే అయింది.

కిందికి చూసుకుని ఉలిక్కిపడింది. నీలం ఇసుక దగ్గరికి వచ్చి ఆగిపోయింది. చాక్ గీసిన చోటల్లా రంగు పట్టక, మైనం మీంచి జారిపోయి, తెల్లటి గీత బయటపడింది. గీత కూడా కాదు, తెంపులు తెంపులుగా, తెల్ల దారంతో వేసిన ముతక కుట్టులాగా, ఈ చివర నుంచి ఆ చివరకి. బ్రష్షుతో రుద్దింది. ఇంకా తెల్లగా తేలింది. వేలితో రుద్దబోయి ఆగిపోయింది. కాగితం ఇంకొకటి లేదు, గడియారంలో తొమ్మిదీ నలభై. పదమూడోది కూడా తప్పే. అక్క అన్నది ఊరికే పోతుందా. కళ్ళల్లో నీళ్ళు తిరిగితే పైటచెంగుతో కాక చేతి రంగుగుడ్డతోనే తుడుచుకుంది. ఏం చేస్తాం, ఇసుకకి పసుపు మట్టిరంగు వేసి, ఆరడానికి అట్టని పక్కన ఎండపొడ పడే చోట ఆనించింది. పోనీలే, తప్పు చూడడానికైనా ఆ కంట్లో వెలుగు ఉంటే చాలు. తప్పులే చూడనీ. వెయ్యి తప్పులు చూడనీ. ఎవరిని అడుగుతోందో తెలియకుండానే అడిగింది.

"లోపలికి రండమ్మా" అని నర్సు తలుపు తీసి, చిన్నమ్మాయి మొహం చూసి ఒక్క అడుగు ముందుకేసింది. "మీకు ఒంట్లో బాగానే ఉందా? చలేస్తోందా? ఆయాసం గానీ?" అంటూ చెయ్యి పట్టుకుని నాడి చూడబోయింది. "నాకేం, నిక్షేపంలా ఉన్నాను, అక్క సంగతి చూడండి" అని చిన్నమ్మాయి చెయ్యి లాక్కుని అట్ట తీసుకుని లోపలికి నడిచింది. వాచీలాయన సీసాతో సహా లేచి నిలబడ్డాడు. మంచం మీద అక్క కూర్చుని ఉంది, ఒళ్ళో రెండు చేతులూ ఒకదానిలో ఒకటి పెట్టుకుని, కొలతలివ్వడానికి నిలబడ్డ చిన్నపిల్లలాగా బుద్ధిగా. గోళ్ళు అరచేతిలో దిగేలా ఆ చేతులు బిగుసుకుని ఉండడం చిన్నమ్మాయి చూసింది. అక్కకి భయముందని ఈ నాలుగేళ్ళలో ఇప్పుడే తెలిసింది. డాక్టరు పట్టీ అంచు గోటితో లేపి మెల్లగా తీశాడు. దూది తీశాడు. "మెల్లగా తెరవండమ్మా. తొందరలేదు."

రెప్ప వణికింది. తెరుచుకుంది, మూసుకుంది, నీళ్ళు కారాయి, మళ్ళీ తెరుచుకుంది. డాక్టరు మూడు వేళ్ళు చూపించి, "ఇవి ఎన్ని?" అన్నాడు. అక్క కన్ను వేళ్ళ మీద లేదు. వేళ్ళని దాటి ఎటో చూస్తోంది. డాక్టరు చెయ్యి ఇంకాస్త దగ్గరికి తెచ్చాడు. "ఎన్నమ్మా?"

"అదేంటే" అంది అక్క. "నీ మూతంతా అలా నీలంగా ఉందేంటి?"

డాక్టరు చెయ్యి దించేశాడు. నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చిన్నమ్మాయి పెదాలు తడుముకుంది, వేళ్ళకి నీలం అంటింది. నోరు తెరిచి ఏదో చెప్పబోతే నాలుక కూడా నీలమేనని అందరికీ కనపడింది. "బ్రష్షు కూడా సూదే అనుకున్నావా" అంది అక్క, ఈసారి గొంతు కొంచెం తగ్గించి. ఆ మాటతో చిన్నమ్మాయి అక్క పాదాల దగ్గర మంచం మీద కూలబడింది. అట్టని దాచాలనుకుంది గానీ అక్క చెయ్యి చాపింది. ఇన్నాళ్ళూ కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుని తడిమిన మనిషి, ఇప్పుడు చెయ్యి బారుగా చాపి, దూరంగా పెట్టి, తల ఒక పక్కకి వంచి చూసింది, తయారైన చొక్కాని వెలుగులో పట్టి చూసేది అలాగే. చాలాసేపు మాట్లాడలేదు. అక్క మాట్లాడకుండా ఉండడం ఇది రెండోసారి.

"అంచు కుట్టేశావా" అంది చివరికి, ఆ తెల్ల తెంపుల మీద వేలు పెట్టి. "ఇన్నేళ్ళకి. కుట్లు ఎడం ఎడంగా పడ్డాయి గానీ, నిలుస్తుందిలే. ఇంటికెళ్ళాక మిగతా పన్నెండూ తీయి." తర్వాత నర్సు వైపూ, డాక్టరు వైపూ, తలుపు దగ్గర నీళ్ళసీసాతో నిలబడ్డ పెద్దాయన వైపూ వరసగా చూసి, "ముందు వెళ్ళి ఆ మూతి కడుక్కోవే, అందరూ చూస్తున్నారు" అంది.

కుళాయి వరండా చివరే ఉంది. చిన్నమ్మాయి లేవలేదు. అలాగే నీలం మూతితో, మొహం పైకెత్తి, ఇంకాసేపు అక్కకి కనపడుతూ కూర్చుంది.